భూమి వేడెక్కితే నదులు ఎండాలి కదా, పాత రాళ్లలో వరదల గుర్తులెందుకు?

#1 వాగుదారి
అందరికీ నమస్కారం. 5.6 కోట్ల సంవత్సరాల క్రితం, పేలియోసీన్ యుగం ముగిసి ఈయోసీన్ మొదలయ్యే వేళ, భూమి సగటు ఉష్ణోగ్రత కొన్ని వేల ఏళ్లలోనే 5 డిగ్రీలకు పైగా పెరిగిందని తెలుసు. సముద్రాల్లో ఏం జరిగిందో చదివాను, జంతువుల సంగతీ చదివాను. నదుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి మాటా ఎవరితోనూ పొసగడం లేదు. ఒకచోట నదులు ఉధృతంగా పొంగి గులకరాళ్లు పరిచాయంటారు. ఇంకోచోట అదే కాలంలో నేలలు ఎండిపోయాయంటారు. మూడోచోట నది తీరు మారింది కానీ వేడి తగ్గాక కూడా తిరిగి పాత దారికి రాలేదంటారు.

వేడెక్కితే ఆవిరి ఎక్కువ, నదిలో నీళ్లు తక్కువ. నాకు తోచిన లెక్క ఇంతే. ఇందులో ఏది లోపించిందో తెలిసినవారు చెప్పగలరా? మంచుయుగాల నదుల గురించి చెప్పినా సంతోషమే.

#2 రాతిపొర
గాలిలో వాదించుకోవడం కంటే ముందు ఒక గుట్ట ముందు నిలబడి చూద్దాం. స్పెయిన్ ఉత్తరాన, పిరనీస్ పర్వతాలకు దక్షిణంగా ట్రెంప్ పరిసరాల్లో ఈ కాలపు పొరలు బయటికి తేలి ఉన్నాయి. అడుగున అంతా ఎర్రటి బురదరాయి. అది ఒకప్పటి వరద మైదానపు నేల. అందులో వేళ్ల జాడలు, సున్నపు గడ్డలు కనిపిస్తాయి. ఆ ఎరుపు మధ్యలో అక్కడక్కడ విడివిడిగా గులకరాళ్ల కటకాలు, అంటే నడుమ లావుగా అంచుల్లో సన్నగా ఉండే ముద్దలు. ఒక్కో కటకం ఒక్కో పాత నదీ పాయ. పాయకూ పాయకూ మధ్య బోలెడంత బురద. నదులు తమ మానాన తాము సన్నగా పారుతుండేవి అన్నమాట.

పైకి వెళ్తే సన్నివేశం మారిపోతుంది. ఆ కటకాలు పోయి, గుండ్రాళ్లూ గులకరాళ్లూ కలిసి గట్టిపడిన ఒకే పలక వస్తుంది. దీన్ని క్లారెట్ గుండ్రాతి పొర అంటారు. మందం కొన్ని మీటర్లే, విస్తీర్ణం మాత్రం వందల చదరపు కిలోమీటర్లు. ఒక పాయ కోసిన చోటునే మరో పాయ కోసి, మధ్యలో ఉండాల్సిన బురదను మిగలనివ్వకుండా ఊడ్చేస్తే తప్ప ఇలాంటి పలక ఏర్పడదు. దాని మీద మళ్లీ మెత్తటి, పసుపు ఛాయ ఉన్న మట్టి పొరలు.

వయసు ఎలా తెలిసిందంటే, ఆ నేలల్లోని సున్నపు గడ్డల్లో కార్బన్ ఐసోటోపులను, అంటే బరువు తేడా ఉన్న కార్బన్ రకాలను కొలిచారు. మీరు చెప్పిన ఆ వేడి కాలంలో, అంటే ఉష్ణఘట్టంలో, వాతావరణంలోకి తేలిక కార్బన్ పెద్ద ఎత్తున చేరింది కాబట్టి బరువైన కార్బన్-13 నిష్పత్తి హఠాత్తుగా పడిపోతుంది. ప్రపంచమంతటా సముద్రపు మట్టిలోనూ నేల మట్టిలోనూ అదే ముద్ర ఉంది. గుండ్రాతి పలక సరిగ్గా ఆ పతనం మొదలయ్యే చోట కూర్చుంది.

ఇక మీ లెక్కలో లోపించినది. ఆ నేలలను చూసినవారు ఎవరూ అక్కడ ఏడాది పొడవునా వానలు దంచాయని అనడం లేదు. పొడి కాలం పొడిగానే ఉంది. వచ్చిన వాన మాత్రం కొన్ని వారాల్లో మీదపడింది.

#3 పక్కబెంచి
అంటే ఏడాది మొత్తం వాన పెరగకపోయినా నది మరింత పెద్ద రాళ్లను మోయగలదా? సగటు అదే అయితే శక్తీ అదే కదా?

#4 లెక్కలమాస్టారు
అదే కాదు. నదికి సగటు ఎంతో తెలియదు. గులకరాయి కదలాలంటే ఒక హద్దు దాటాలి. హద్దుకు ఇవతల ఎన్ని నెలలు నీళ్లు పారినా ఆ రాయి కదలదు.

అంకెలతో చూడండి. 4 సెంటీమీటర్ల గులకరాయిని తీసుకుందాం. నది వాలు కిలోమీటరుకు 2 మీటర్లు అనుకుందాం. నీరు అడుగును రాసుకుంటూ లాగే బలం లోతుతోనూ వాలుతోనూ పెరుగుతుంది. మామూలు సూత్రాల్లో వేస్తే ఆ రాయి కదలడానికి సుమారు ఒకటిన్నర మీటరు లోతు నీళ్లు కావాలి. ఇప్పుడు మీటరు లోతున ఏడాదంతా నెమ్మదిగా పారే నది ఒకటి, పది నెలలు మోకాలిలోతు కూడా లేకుండా ఉండి వానాకాలంలో వారం రోజులు మూడు మీటర్లతో విరుచుకుపడే నది ఇంకొకటి ఊహించుకోండి. మొదటిది మోసిన గులకరాళ్లు సున్నా. రెండోది ఆ వారంలోనే కొండ పాదాన్ని మైదానంలోకి తెచ్చి పోస్తుంది. రెండో నది ఏడాదికి మోసే నీరు మొదటిదానికన్నా తక్కువే కావచ్చు.

వాగుదారి గారి ఆవిరి లెక్క తప్పేమీ కాదు, కానీ అది నీటి జమాఖర్చు. నది ఆకారాన్ని నిర్ణయించేది నీరు, రాళ్లూ ఇసుకా, వాలు ఈ మూడింటి బేరం. 1955లో లేన్ అనే ఇంజినీరు దీన్ని ఒక్క వాక్యంలో పెట్టాడు: నది మోసే మట్టి పరిమాణాన్ని రాళ్ల సైజుతో గుణిస్తే వచ్చేది, నీటి పరిమాణాన్ని వాలుతో గుణిస్తే వచ్చే దానికి అనుపాతంలో ఉంటుంది. ఒకవైపు పెంచితే రెండోవైపు సర్దుకోవాల్సిందే. మట్టి ఎక్కువై నీరు చాలకపోతే నది తన అడుగును మేటవేసి వాలు పెంచుకుంటుంది. మట్టి తగ్గి నీరు మిగిలితే అడుగును కోసుకుంటుంది.

#5 సందేహి
గుట్ట ముందు నిలబడ్డాం, బాగుంది. కానీ నాకు రెండు అడ్డుప్రశ్నలు ఉన్నాయి.

ఒకటి, ఆ పలక "ఉష్ణఘట్టపు నది" అని ఎలా అంటారు? ఒక మహావరద, ఒక్క వారం కథ కాకూడదా? పొరల్లో ఉన్న కాలం కన్నా పొరల మధ్య పోయిన కాలమే ఎక్కువని శాడ్లర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1981లోనే చూపించాడు. ఎంత పొడవైన కాలవ్యవధి తీసుకుంటే పూడిక రేటు అంత తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే ఖాళీలు కలుస్తాయి. అలాంటి చిరుగుల పుస్తకంలో ఒక పేజీ చూసి అధ్యాయం చెప్పేస్తున్నారు.

రెండు, పిరనీస్ అప్పుడే లేస్తున్న పర్వతాలు. కొండ లేస్తే రాళ్లు వస్తాయి. పక్కన సముద్ర మట్టం దిగినా నది కోతపెట్టి గులకరాళ్లు తెస్తుంది. వాతావరణానికే ఎందుకు పట్టం కట్టాలి?

#6 రాతిపొర
ఒక్క వరద కాదని చెప్పడానికి పలక లోపలే సాక్ష్యం ఉంది. అందులో కోత గీతలు ఒకదాన్ని ఒకటి కొట్టేస్తూ పోతాయి. ఒక పాయ అడుగున పెద్ద రాళ్లు, పైకి పోనుపోను చిన్నవి, మళ్లీ ఇంకో కోత, మళ్లీ పెద్ద రాళ్లు. ఒక్క పోటులో ఇది జరగదు.

సముద్ర మట్టం సంగతి మీరు అనడం న్యాయమే. అక్కడ ఉష్ణఘట్టానికి ముందే లోయలు కోసుకున్న గుర్తులు ఉన్నాయి, అవి సముద్రం దిగడం వల్ల ఏర్పడ్డాయని వాదించినవారు ఉన్నారు. అయితే లోయ కోయడం వేరు, లోయ నిండిపోయాక గట్లు దాటి మైదానమంతా గులకరాళ్లు పరచడం వేరు. ఇక కొండలు లేవడం లక్షల ఏళ్ల పని. కార్బన్ ముద్ర మొదలైన చోటే గుండ్రాతి పలకా మొదలై, తర్వాత మెత్తటి మట్టికి తిరిగి రావడం పర్వతాల నడకకు సరిపోదు.

#7 వాగుదారి
వరద ఎంత పెద్దదో అంకె చెప్పగలరా? రాయిని చూసి నీటిని కొలవడం ఎలాగో ఊహకు అందడం లేదు.

#8 లెక్కలమాస్టారు
ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త విడమర్చి చెప్తాను.

నది అడుగున ఇసుక చిన్న చిన్న దిబ్బలుగా కదులుతుంది. నీరు దిబ్బ వీపు మీదుగా ఇసుకను ఎక్కించి ముందు వాలులోకి జార్చుతుంది. ఆ జారిన వాలులే రాయిలో ఏటవాలు గీతలుగా మిగులుతాయి. వీటిని అడ్డపొరలు అంటారు. వెనుక వచ్చే దిబ్బ ముందుదాని తల కోసేస్తుంది కాబట్టి రాయిలో మిగిలేది దిబ్బ పాదం మాత్రమే. ప్రయోగాల్లో తేలినదాన్ని బట్టి దిబ్బ ఎత్తు ఆ మిగిలిన పొరల సగటు మందానికి సుమారు 2.9 రెట్లు. నీటి లోతు దిబ్బ ఎత్తుకు స్థూలంగా ఆరేడు రెట్లు.

కాబట్టి రాతి ముందు టేపు పెట్టి కొలిస్తే పొరల సగటు మందం 20 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. దిబ్బ ఎత్తు 58 సెంటీమీటర్లు. లోతు దాదాపు 4 మీటర్లు. రేణువుల సైజు, లోతు కలిపితే వాలు వస్తుంది. లోతు, వాలు కలిపితే వేగం వస్తుంది. వెడల్పు కూడా దొరికితే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో చెప్పవచ్చు. గులకరాళ్ల నదిలో దిబ్బలకు బదులు పాయ లోతు, రాళ్ల సైజు నేరుగా వాడతారు.

పిరనీస్ పాయల్లో ఉష్ణఘట్టానికి ముందువీ, ఘట్టంలోవీ ఇలాగే కొలిచి, 2018లో అచ్చయిన ఒక అధ్యయనం ఇచ్చిన జవాబు: నది ఒడ్డులను తీర్చే వరద ప్రవాహం కనీసం 1.35 రెట్లు, బహుశా 14 రెట్ల దాకా పెరిగింది.

#9 సందేహి
1.35 నుంచి 14! ఇది జవాబు కాదు మాస్టారూ, ప్రశ్నకు రెండు గోడలు కట్టడం. ఆ రెండింటి మధ్య పదింతల తేడా ఉంది. నా దగ్గర ఎవరైనా అప్పు తీసుకుని ఇలా లెక్క చెబితే ఒప్పుకోను.

#10 లెక్కలమాస్టారు
కింది గోడ ఎక్కడుందో చూడండి. అది 1 కంటే ఎక్కువ. అన్ని అనుమానాలనూ వ్యతిరేక దిశలోనే పేర్చినా ప్రవాహం తగ్గిందని అనలేం. పెరిగిందా తగ్గిందా అన్నదే వాగుదారి గారి ప్రశ్న కాబట్టి ఈ ఒక్క గోడ చాలు. పై గోడను నేనూ తలగడ కింద పెట్టుకుని నిద్రపోను.

#11 రాతిపొర
స్పెయిన్ ఒక్కటే ఉంటే సందేహి గారి పక్షాన చేరేవాణ్ణి. అమెరికాలో కొలరాడో రాష్ట్రపు పశ్చిమాన పీసియాన్స్ క్రీక్ బేసిన్ (నదులు తెచ్చిన మట్టి పేరుకునే పెద్ద పల్లం) ఉంది. అక్కడా అదే కార్బన్ ముద్ర దగ్గర మందమైన ఇసుకరాతి పలకలు బేసిన్ అంతటా పరుచుకుంటాయి. వేగంగా పారే నీటిలో మాత్రమే ఏర్పడే చదునైన ఇసుక పొరలు, గట్టు తెగి గండి పడినప్పుడు పొలాల మీదకి పరుచుకునే ఇసుక మేటలు విపరీతంగా పెరుగుతాయి.

అక్కడ విచిత్రం వేరే ఉంది. ఉష్ణఘట్టం సుమారు 2 లక్షల ఏళ్లలో ముగిసింది. కార్బన్ నిష్పత్తి మామూలుకు వచ్చింది. ఇసుకరాతి పలకలు మాత్రం ఆ తర్వాతా చాలాకాలం అలాగే కొనసాగాయి. ట్రెంప్‌లో నది వెనక్కి వచ్చింది, కొలరాడోలో రాలేదు.

ఇక వయోమింగ్‌లోని బిగ్‌హార్న్ బేసిన్. నదిలో అక్కడ కూడా మందపాటి ఇసుకరాయి వచ్చింది. కానీ చుట్టూ ఉన్న వరద మైదానపు నేలలు చూస్తే, ముందు కంటే బాగా ఆరిన నేలలు. వాగుదారి గారికి పొసగని మాటలుగా కనిపించినవి ఇవే అయి ఉంటాయి. నేల ఎండింది, నది ఉరికింది. రెండూ ఒకే బేసిన్‌లో.

#12 ఆకుశిల
నీటి గురించే మాట్లాడుతున్నారు. కొండవాలు మీద ఏం మొలిచిందో ఎవరూ అడగరేం?

బిగ్‌హార్న్ ఆకు శిలాజాల్లో ఉష్ణఘట్టానికి ముందు సూచిపర్ణ వృక్షాలు కనిపిస్తాయి. ఘట్టంలో అవి మాయమై చిక్కుడు కుటుంబపు చెట్లు వచ్చేస్తాయి. అది పూర్తయ్యాక పాత మొక్కలు చాలావరకు తిరిగొస్తాయి. ఇలా ఒక అడవి పోయి ఇంకో అడవి కుదురుకునే లోపు కొండవాలు బట్టతలే. వేళ్లు పట్టి ఉంచిన మట్టి మొత్తం వదులైపోతుంది. అదే వాన, అదే వరద, కానీ నదిలోకి దిగే మట్టి ఇదివరకటి కంటే ఎన్నో రెట్లు. లేన్ సూత్రంలో మాస్టారు చెప్పిన మొదటి పళ్లెం బరువెక్కేది ఇక్కడే.

దీన్ని అతిపెద్ద స్థాయిలో చూడాలంటే 25.2 కోట్ల ఏళ్ల కిందికి దిగాలి, జీవజాతుల్లో చాలా భాగం అంతరించిన పెర్మియన్ యుగాంతపు మహావినాశనానికి. దక్షిణాఫ్రికా కారూ బేసిన్‌లో పెర్మియన్ నదులు మెలికలు తిరుగుతూ, గట్ల మధ్య నిలకడగా పారేవి. వాటి పైన జడపాయల నదులు వస్తాయి, అంటే ఒక పాయ అనేక పాయలుగా చీలి ఇసుక లంకల చుట్టూ అల్లుకునేవి. మొక్కలు చచ్చిపోతే గట్లకు బలం పోయింది, నదులు చెల్లాచెదురయ్యాయి అని 2000లో వచ్చిన పరిశోధన వాదం. రష్యాలో ఉరల్స్ దక్షిణాన కూడా ఆ సరిహద్దు దగ్గర గులకరాళ్ల నదులు వచ్చిపడతాయి.

ఇంకా వెనక్కి వెళ్తే, నేల మీద మొక్కలే లేని కాలంలో నదుల పొరల్లో ఎక్కువ భాగం వెడల్పైన ఇసుక పలకలే. బురదరాయి చాలా అరుదు. సిలూరియన్, డెవోనియన్ యుగాల్లో (సుమారు 44 నుంచి 36 కోట్ల ఏళ్ల క్రితం) మొక్కలు వేళ్లూనిన తర్వాతే బురద నేల మీద ఆగడం, మెలికల నదుల గుర్తులు విరివిగా దొరకడం మొదలైంది.

#13 సందేహి
కారూ విషయంలో తొందర వద్దు. అక్కడి రాతిపొరల మార్పు నిజంగా మహావినాశన క్షణంతోనే కలుస్తుందా అన్నదాని మీద పెద్ద వివాదమే నడిచింది. వేర్వేరు లోయల్లో "సరిహద్దు పొర" ఒకే వయసుది కాదని బల్లగుద్ది చెప్పినవారున్నారు.

మొక్కలు లేకుంటే మెలికలు లేవు అన్నదీ పూర్తిగా నిలబడదు. చెట్టూ చేమా లేని ఎడారి బేసిన్లలో ఇవాళ్టికీ మెలికలు తిరిగే నదులున్నాయి.

#14 ఆకుశిల
ఉన్నాయి. ఉపగ్రహ చిత్రాల్లో వాటిని కొలిచి 2020లో తేల్చినదేమిటంటే, అలాంటి నదుల మెలికలు పచ్చదనం ఉన్న నదుల మెలికల కన్నా దాదాపు పది రెట్లు వేగంగా జరుగుతాయి. కాబట్టి మొక్కలు మెలికను పుట్టించకపోవచ్చు, దాని పరుగును కట్టేస్తాయి. నా వాదానికి అంతే కావాలి. గట్టు పది రెట్లు వేగంగా కూలితే అటూ ఇటూ ఉన్న బురద మైదానం మిగలదు. రాయిలో మిగిలేది పలకే. రాతిపొర గారు ట్రెంప్‌లో చూపించింది కూడా అదే కదా.

#15 పక్కబెంచి
మొక్కలు చచ్చినా వరదే, వాన దంచినా వరదే, కొండ లేచినా రాళ్లే. పాపం రాయికి మాత్రం ఒకే భాష.

#16 మంచుమెట్లు
మీరంతా కోట్ల ఏళ్ల దగ్గర తచ్చాడుతున్నారు. మంచుయుగాలకు వస్తే వయసులు చక్కగా తెలుస్తాయి, వాతావరణం మంచుపొరల్లో నమోదై ఉంటుంది. సందేహి గారి చిరుగుల పుస్తకం అక్కడ కాస్త నిండుగా ఉంటుంది.

మిసిసిపీ చూడండి. ఉత్తరాన మంచుపలక కరుగుతూ ఇసుకా గులకరాళ్లూ పంపినంత కాలం దిగువ మిసిసిపీ వెడల్పైన జడపాయల నది. మంచు వెనక్కి తగ్గి, మట్టి బరువు తగ్గాక సుమారు 11,000 ఏళ్ల క్రితానికి మెలికల నదిగా మారుతూ వచ్చింది. నీరు తగ్గడం కన్నా ఇసుక తగ్గడమే ఇక్కడ అసలు కారణం.

తూర్పు యూరప్ మైదానాల్లో ఇంకా కళ్లకు కట్టే సంగతి ఉంది. ఇవాళ పారే చిన్న నదుల పక్కనే పాత మెలికల మచ్చలు కనిపిస్తాయి, వాటి వెడల్పు ఇవాళ్టి నది కంటే ఎన్నో రెట్లు. మెలిక పొడవు నది వెడల్పుకు స్థూలంగా 10 నుంచి 14 రెట్లు ఉంటుంది కాబట్టి, ఆ మచ్చ చూసి నది ఎంతటిదో చెప్పవచ్చు. అవి మంచుయుగం ముగిసే దశ నాటివి. అప్పుడు అక్కడ వానలు మెండుగా ఏమీ లేవు. శీతాకాలమంతా పేరుకున్న మంచు వసంతంలో ఒక్కసారిగా కరిగేది. నేల లోపల గడ్డకట్టి ఉండటంతో చుక్క కూడా ఇంకేది కాదు. వచ్చిందంతా నదిలోకే. సగటు కాదు, పోటే నదిని చెక్కుతుందన్న మాస్టారి మాటకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది?

యూరప్ నదుల మెట్లను, అంటే నది లోతుకు కోసుకుంటూ పోయినప్పుడు పక్కన ఎత్తుగా మిగిలిపోయిన పాత అడుగులను, చదివినవారు ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. నది లోతుగా కోసుకునేది చలి నడిమధ్యనో వేడి నడిమధ్యనో కాదు, ఒకదాని నుంచి ఇంకోదానికి మారే సంధిలో. చలి మొదలవగానే ఆవిరి తగ్గి నీరు పెరుగుతుంది, అడవి మాత్రం ఇంకా నేలను పట్టుకునే ఉంటుంది. నీరుంది, మట్టి రాదు. నది ఆకలితో అడుగును తింటుంది. అడవి పోయాక మట్టి వస్తుంది, అప్పుడు మేట. వేడి తిరిగొచ్చే సంధిలో మొక్కలు ముందు లేచి మట్టిని ఆపేస్తే మళ్లీ కోత. ఆకుశిల గారి చెట్లు ఇక్కడా ఉన్నాయి, ఆలస్యంగా వచ్చే పాత్రగా.

#17 వాగుదారి
పూర్తిగా ఎండిపోయిన నదులు కూడా ఉండాలి కదా? సహారా కింద నదులున్నాయని విన్నాను.

#18 మంచుమెట్లు
ఉన్నాయి. 1981 నవంబరులో కొలంబియా స్పేస్ షటిల్ మోసుకెళ్లిన రాడార్ ఈజిప్టు, సూడాన్ ఎడారుల మీదుగా చూసినప్పుడు పొడి ఇసుకను దాటి దాని కింద పూడుకున్న పాత నదీ లోయలు బయటపడ్డాయి. పైన చూస్తే చదునైన ఇసుక తప్ప ఏమీ లేని చోట. 2015లో జపాన్ ఉపగ్రహపు రాడార్‌తో పడమటి సహారాలో, మౌరిటానియాలో, 500 కిలోమీటర్లకు మించిన పాత నదీ మార్గం తేలింది. అది సముద్రంలోకి చేరే చోట, నీటి అడుగున అంతకుముందే కనుగొన్న ఒక లోతైన లోయ ముఖద్వారం ఉంది. నది పోయింది, దాని తలుపు మిగిలింది.

భూమి అక్షం మెల్లగా తిరగడంతో సుమారు 23,000 ఏళ్లకోసారి ఉత్తరార్ధగోళపు వేసవి ఎండ తీవ్రమవుతుంది, ఆఫ్రికా రుతుపవనాలు ఉత్తరానికి చొచ్చుకుపోతాయి. చివరిసారి అది జరిగిన పచ్చటి కాలం సుమారు 5,000 ఏళ్ల క్రితం ముగిసింది. ఆ వానల్లో నైలు ఎంతగా పొంగేదంటే, మధ్యధరా తూర్పు భాగంలో పైన మంచినీటి మూత పడి లోతు నీళ్లకు ఆక్సిజన్ అందక అడుగున నల్లటి పొరలు ఏర్పడ్డాయి. ఆ నల్లపొరలు లక్షల ఏళ్ల వెనక్కి వరుసగా దొరుకుతాయి.

#19 పక్కబెంచి
నైలు పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. కైరో కింద రెండు కిలోమీటర్లకు మించిన లోతు లోయ ఉందట, అదీ వాతావరణమేనా?

#20 రాతిపొర
అది మంచి హెచ్చరిక ఉదాహరణ. దాదాపు 60 లక్షల ఏళ్ల క్రితం మధ్యధరాకు అట్లాంటిక్‌తో సంబంధం తెగి, సముద్రం చాలావరకు ఆవిరై, మట్టం విపరీతంగా దిగింది. నైలు తన గమ్యం పాతాళానికి పోయేసరికి వెంటపడి కోసింది. కైరో కింద సుమారు 2.5 కిలోమీటర్ల లోతు లోయ, ఇప్పుడు పూడిపోయి ఉంది. ఆ కోత అస్వాన్ దాకా పాకింది, అక్కడ ఆనకట్ట కోసం తవ్వుతున్నప్పుడే రష్యన్ భూగర్భ శాస్త్రజ్ఞుడు చుమకోవ్ దాని జాడ పట్టాడు. 53.3 లక్షల ఏళ్ల క్రితం సముద్రం తిరిగి నిండింది.

ఆ కోతను ఎవరైనా వరదల ఖాతాలో వేస్తే ఎంత దారి తప్పుతారో చూడండి. కింది నుంచి వచ్చే కబురు వేరు, పై నుంచి వచ్చే కబురు వేరు. సముద్ర మట్టం మార్పు ముఖద్వారం నుంచి ఎగువకు పాకుతుంది. వాతావరణం కొండల నుంచి దిగువకు దిగుతుంది. ఏ చివర ముందు కదిలిందో పట్టుకుంటే సగం పని అయినట్టే.

#21 నిర్వాహకులు
నేటి వాతావరణ విధానాల మీద వచ్చిన నాలుగు వ్యాఖ్యలను వేరే చర్చకు తరలించాం. ఇక్కడ పాత నదులే.

#22 సందేహి
అసలు చిక్కు ఇప్పుడు చెప్తాను. కొండల్లో వాతావరణం మారితే ఆ కబురు వెయ్యి కిలోమీటర్ల దిగువన రాతిలో పడుతుందని మీ అందరి నమ్మకం. 2010లో జెరోల్మాక్, పావోలా అనే ఇద్దరు బియ్యపు గింజల కుప్ప నమూనాతో ఒక సంగతి చూపించారు. కుప్ప మీద గింజలను పెంచుతూ తగ్గిస్తూ లయబద్ధంగా పోశారు. కింద జారిపడే గింజలను కొలిస్తే, లయ త్వరగా తిరిగేదైతే దాని జాడే లేదు. కుప్ప తనకు తోచినప్పుడు జారుతుంది. నదులూ అంతే, గట్టు కూలడం, మేటలు నిండడం, పాయ ఉన్నట్టుండి వేరే దారి పట్టడం, ఇవన్నీ లోపలి చప్పుళ్లు. పై నుంచి వచ్చిన కబురు వీటి కంటే నెమ్మదిదో పెద్దదో కాకపోతే ముక్కలైపోతుంది.

పైగా కబురు చేరే సమయం పొడవుతో పాటే పెరగదు, పొడవు వర్గంతో పెరుగుతుంది. నది పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగింతలు. పెద్ద నదులకు అది లక్ష ఏళ్లు దాటిపోతుంది. అప్పుడు 20,000 ఏళ్ల వాతావరణ ఊపు ముఖద్వారం దగ్గర ఎలా వినిపిస్తుంది?

#23 లెక్కలమాస్టారు
ఆ వర్గం లెక్క అడుగున దొర్లే ముతక రాళ్లకు. బురద వరదతో పాటే తేలిపోతుంది, వాలు సర్దుకునే దాకా ఎవరి కోసమూ ఆగదు.

గంగా బ్రహ్మపుత్రల డెల్టా ఇందుకు సాక్ష్యం. సుమారు 11,000 నుంచి 7,000 ఏళ్ల క్రితం మధ్య, దక్షిణాసియా రుతుపవనాలు బలపడిన కాలంలో, అక్కడ చేరిన పూడికను లెక్కగడితే ఆ నదులు ఏటా మోసినది ఇవాళ్టికి రెట్టింపు పైమాటే. ఇవాళ మోసేదే ఏటా సుమారు వంద కోట్ల టన్నులు. అంత పెద్ద నదులు లక్ష ఏళ్లు ఆగలేదు, వానతో పాటే స్పందించాయి.

పీసియాన్స్ క్రీక్ బేసిన్‌లో నది పాత తీరుకు రాకపోవడానికీ ఇదే తాళంచెవి అనుకుంటాను. ముతక ఇసుక ఎగువన నిల్వపడి, ఘట్టం ముగిశాక కూడా దిగుతూనే ఉంది. ట్రెంప్ కొండకు ఆనుకుని ఉంది కాబట్టి వాయిదాలు లేకుండా తేలిపోయింది.

#24 ఆకుశిల
బురద ముందు చేరుతుందంటే ఉష్ణఘట్టానికి కూడా అది కనిపించాలి. కనిపిస్తుంది. అమెరికా తూర్పు తీరంలో, న్యూజెర్సీ, మేరీల్యాండ్ కింద, మార్ల్‌బరో బంకమట్టి అనే పొర సరిగ్గా ఆ కార్బన్ ముద్రతో మొదలవుతుంది. అంతకుముందు ఇసుక పడే తీరప్రాంతపు సముద్రంలో ఒక్కసారిగా నదులు తెచ్చిన మెత్తటి బురద మీటర్ల మందాన పడింది. నాకు ట్రెంప్ గుండ్రాళ్ల కన్నా ఈ బంకమట్టే పెద్ద సాక్ష్యంగా తోస్తుంది.

#25 సందేహి
మార్ల్‌బరోకు తలవంచుతాను. గంగా డెల్టా దగ్గర మాత్రం మాస్టారు ఒక్క సంగతి దాటేశారు. అదే కాలంలో హిమాలయాల్లో హిమానీనదాలు వెనక్కి తగ్గుతూ తాము నలగ్గొట్టిన మట్టిని వదిలేశాయి. రెట్టింపైన పూడికలో వాన వాటా ఎంత, మంచు వదిలిన మట్టి వాటా ఎంత?

#26 లెక్కలమాస్టారు
విడదీయవచ్చు. హిమాలయాల పై భాగపు రాళ్లకూ దిగువ కొండల రాళ్లకూ స్ట్రాన్షియం, నియోడిమియం ఐసోటోపుల నిష్పత్తులు వేరు. డెల్టా బోర్లలో పొర పొరకూ వాటిని కొలిస్తే మట్టి ఏ మెట్టు నుంచి దిగిందో తెలుస్తుంది. వాటా పైకి జరిగితే మంచు మీ సాక్షి, అన్ని మెట్ల నుంచీ సమంగా పెరిగితే వాన నా సాక్షి. కొత్త చర్చ తెరవండి, లెక్క నేను వేస్తాను.

#27 సందేహి
తెరిచాను. రాతిపొర గారూ, మీరు రాకపోతే మాస్టారు అన్నీ లోతుతోనూ వాలుతోనూ గుణించేస్తారు.